క్యాంపస్‌లో కథాపఠనం: రెండు గంటల సభలో రచయిత్రి చదివేది ఎంతసేపు? (కడప)

గండికోట_దారి

అందరికీ నమస్కారం. కడపలో మా క్యాంపస్‌లో తెలుగు శాఖ తరఫున జనవరి ఆఖరి వారంలో ఒక కథకురాలిని పిలుస్తున్నాం. హైదరాబాదు నుంచి వస్తారు, అరవై దాటిన మనిషి. సెమినార్ హాల్లో 120 కుర్చీలు. ఎం.ఏ. పిల్లలు, పక్కనున్న డిగ్రీ కాలేజీ వాళ్లు కలిసి 80-90 మంది రావచ్చు. చేతిలో ఉన్నది 25 వేలు. కార్యక్రమం ముసాయిదా ఇదీ:

10:00 అతిథులను వేదిక మీదికి పిలవడం, జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన
10:20 స్వాగతం
10:30 అధ్యక్షుల పలుకులు
10:45 ముఖ్య అతిథి
11:00 విశిష్ట అతిథులు ఇద్దరు
11:20 రచయిత్రి పరిచయం
11:35 కథాపఠనం
11:50 సన్మానం, జ్ఞాపిక
12:00 వందన సమర్పణ, జాతీయగీతం

ప్రశ్నలకు టైము ఎక్కడ దూర్చాలో తెలియడం లేదు. చూసినవాళ్లు చెప్పండి.

పెన్నగట్టు

ప్రశ్నల సంగతి తర్వాత. 120 నిమిషాల్లో ఆమె చదవడానికి 15 నిమిషాలు ఇచ్చారు. అది కూడా ముందు వక్తలంతా టైముకు దిగితేనే. మన సభల్లో ఒక్కో వక్త అయిదేసి నిమిషాలు లాగినా ఆ 15 అక్కడికక్కడే హరించుకుపోతాయి. 11:50కి ఆమె మైకు ముందుకొస్తారు, పక్కనుంచి ఎవరో చీటీ అందిస్తారు: "క్లుప్తంగా".

మీరు పెడుతున్నది సన్మాన సభ. అదే కావాలనుకుంటే అలాగే పెట్టుకోండి, తప్పేం లేదు. పఠనం కావాలంటే మాత్రం లెక్క ఆమె చదివే నిమిషాల దగ్గర మొదలుపెట్టి మిగతాది దాని చుట్టూ సర్దండి.

తెలుగు వచనం పైకి నిదానంగా చదివితే నిమిషానికి సుమారు 100 మాటలు. సంభాషణలు ఎక్కువున్న కథైతే ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే మనిషి మారినప్పుడల్లా చిన్న ఆగుడు ఉండాలి. డెమీ సైజు (మామూలు కథల పుస్తకాల సైజు) పుస్తకంలో పేజీకి 200-220 మాటలు ఉంటాయి. అంటే పది పేజీల కథకు 20 నిమిషాలు పైనే పడుతుంది. 15 నిమిషాల్లో ఏడు పేజీలు. ఏడు పేజీల్లో పూర్తయ్యే కథలు ఆమెవి ఎన్ని ఉన్నాయో చూడండి. లేకుంటే ఆమె కథను మధ్యలో ఆపి "మిగతాది చదువుకోండి" అనాల్సి వస్తుంది, హాలు ఉసూరుమంటుంది.

గండికోట_దారి

అర్థమైంది సార్. కానీ వీసీ గారు వస్తామన్నారు. రిజిస్ట్రార్ గారు, ప్రిన్సిపాల్ గారు కూడా. వాళ్లను మాట్లాడొద్దని ఎలా చెప్పేది?

పెన్నగట్టు

మాట్లాడొద్దని ఎవరూ చెప్పలేరు. కార్యక్రమాన్ని రెండు ముక్కలు చేయండి. మొదటిది ప్రారంభం, 15 నిమిషాలు. దీపం, స్వాగతం రెండు నిమిషాలు, వీసీ గారి నాలుగు మాటలు, ఆయన చేతుల మీదుగానే శాలువా, జ్ఞాపిక. సన్మానం ఆఖర్లో పెడితే ఆయన అంతసేపు కూర్చోలేరు, మధ్యలో లేస్తారు, ఆయన వెంట ఇంకో పదిమంది లేస్తారు. ముందే పెడితే పెద్దలకూ సౌకర్యం. శాలువా కప్పాక "ఇప్పుడు అతిథులందరూ ముందు వరసలో ఆసీనులై కథ వినవలసిందిగా కోరుతున్నాం" అని వ్యాఖ్యాత చెప్పాలి. వేదిక మీది కుర్చీలు, పొడవాటి బల్ల పక్కకు లాగేయాలి. ఒక కుర్చీ, ఒక స్టాండు, ఒక మంచినీళ్ల గ్లాసు మిగలాలి.

కథ చదివే మనిషి వెనకాల ఏడుగురు కూర్చుని, ఒకరు ఫోను చూసుకుంటూ, ఒకరు పక్కవాళ్ల చెవిలో ఏదో చెప్తూ ఉంటే పిల్లల కళ్లు అక్కడికే పోతాయి. వేదిక ఖాళీ చేయడం ఒక్కటి జరిగితే సగం పని అయినట్టే.

నేనైతే ఇలా వేస్తాను:

10:30 ప్రారంభం
10:45 వేదిక సర్దడం, ఈలోపు ఒక విద్యార్థి రచయిత్రి పాత కథలోంచి ఒక పేజీ చదవడం
10:50 పరిచయం, 4 నిమిషాలు
10:55 మొదటి పఠనం, 20 నిమిషాలు
11:15 సమన్వయకర్త రెండు మూడు ప్రశ్నలు, ఆమెకు గొంతు తడుపుకునే టైము
11:25 రెండో పఠనం, 15 నిమిషాలు, మొదటిదానికి భిన్నమైన కథ
11:40 సభికుల ప్రశ్నలు
12:10 వందనం

మీ హాస్టల్ మెస్సు పన్నెండున్నరకైతే 12:15 దాటనివ్వకండి. అన్నం వేళ దాటితే ఎంత గొప్ప రచయితైనా ఖాళీ కుర్చీలకే చదవాలి.

కొండారెడ్డి_బురుజు

పరిచయం గురించి ఒక్క మాట. పరిచయం చేసేవాళ్లు ఆ రోజు చదవబోయే కథను ముందే విప్పి చెప్పేస్తారు, ముగింపుతో సహా. ఏ కథ చదువుతారో వాళ్లకు ముందే చెప్పి, దాని జోలికి పోవద్దని గట్టిగా అనండి. జీవిత విశేషాలు 120-150 మాటల్లో రాయించి, రచయిత్రికి పంపి సరిచూపించండి. అవార్డుల సంవత్సరాలు, పుస్తకాల పేర్లు తప్పుగా చదివితే ఆమె చదవడానికి లేచి ముందు వాటిని దిద్దాల్సి వస్తుంది. అంతకన్నా చెడ్డ ఆరంభం లేదు.

జ్యోతి వెలిగించేటప్పుడు ఫ్యాన్లు ఆపుతారు కదా, మళ్లీ వేసే పని ఒక మనిషికి అప్పజెప్పండి. నవ్వకండి, చాలా సభల్లో అర్ధగంట ఉక్కపోతకు కారణం అదే.

మైకన్న_ఎర్రగుంట్ల

మాట్లాడేవాళ్లంతా టైము గురించే చెప్పినారు. వినపడకపోతే ఎంత టైమిచ్చినా ఒకటే గదా.

120 కుర్చీల హాలుకు 100-150 వాట్ల ఆంప్లిఫయరు, నాలుగు కాలమ్ స్పీకర్లు చాలు. లేదంటే స్టాండ్ల మీద రెండు 12 అంగుళాల బాక్సులు. పెండ్లిండ్లకు తెచ్చే డీజే బాక్సులు వద్దు, వాటిలో కింది సౌండే ఎక్కువ, మాట ముద్దగా వస్తాది. హారన్లు అసలే వద్దు.

స్పీకర్లు మైకుకు ముందర ఉండాల, వెనకాల కాదు. మైకు స్పీకరు సౌండును మళ్లీ పట్టుకుంటే కుయ్‌మని కూత పెడతాది. వేదిక అంచున రెండు పక్కలా పెట్టి, మొహం జనం వైపుకు తిప్పాల. ఎత్తు, కూర్చున్నోళ్ల తలలకు రెండడుగుల పైన. కింద పెడితే ముందు వరసకు చెవులు పగుల్తాయి, వెనకోళ్లకు ఏమీ వినపడదు.

అన్నిటికంటే ముఖ్యం ఎకో. మన సైడు ఆపరేటర్లు మైకు పెడుతూనే ఎకో తిప్పుతారు, పాటకూ హరికథకూ అలవాటు. కథ చదివేటప్పుడు ఎకో సున్నాకు పెట్టాల. రోంత ఉన్నా ప్రతి మాట తోక ఇంకో మాట మీద పడతాది. "చెప్పింది" అంటే "చెప్పింది-ది-ది" అంటాది. బేసు కూడా సగానికంటే తగ్గించి ట్రెబుల్ రోంత పెంచితే స, శ, ష తేడా తెలుస్తాది.

మైకు స్టాండు వంగే రకం తెప్పించండి, అడ్డకడ్డీ ఉండేది. నిలువు స్టాండైతే పుస్తకం పట్టుకున్న చేతులకు అడ్డం వస్తాది. మూతికీ మైకుకూ జానెడు కంటే తక్కువ, బెత్తెడు కంటే ఎక్కువ దూరం. నేరుగా మూతి ముందర కాకుండా రోంత పక్కకు వంచి పెట్టాల. ప, ఫ, బ, భ పలికినప్పుడు వచ్చే గాలి నేరుగా కొడితే స్పీకర్లో డబ్ డబ్ అంటాది. పైన స్పాంజి తొడుగు వేస్తే ఫ్యాను గాలి రొద కూడా తగ్గుతాది.

టెస్టింగు హలో హలో అని కాదు. ఆమె కుర్చీలో ఎవురినైనా కూర్చోబెట్టి ఆమె కథే ఒక పేజీ చదివించండి. వాల్యూం నిదానంగా పెంచుతా పోతే ఒకచోట కూత మొదలవుతాది. అక్కడి నుంచి రోంత వెనక్కు దించి గుర్తు పెట్టుకోవాల. దాన్ని దాటి పోకూడదు. ఖాళీ హాల్లో గోడలు, టైల్సు తగిలి సౌండు మారుమోగుతాది, భయపడొద్దు. జనం నిండితే ఆ మోత సగం పోతాది. కిటికీలకు పరదాలుంటే మూసేయండి.

గండికోట_దారి

అన్నా, కాలర్ మైకు ఇస్తే చేతులు ఖాళీగా ఉంటాయి కదా? మా హాల్లో ఒకటి ఉంది.

మైకన్న_ఎర్రగుంట్ల

మాట్లాడేదానికి బాగుంటాది, చదివేదానికి కాదు. పుస్తకం చూడను తల దించితే నోరు మైకు మీదికి వస్తాది, ఎత్తితే దూరం పోతాది. సౌండు ఎక్కుతా దిగుతా ఉంటాది. పట్టుచీర, కద్దరు బట్ట రాసుకుంటే బరబర. దండ వేసినారంటే ఇంక చెప్పే పనే లేదు. స్టాండు మైకే పెట్టండి.

కార్డ్‌లెస్ మైకు ఒకటి మాత్రం జనంలో ప్రశ్నల కోసం ఉంచుకోండి. సెల్లులు ఆ పొద్దు కొత్తవి వేయాల. పాతవి వేసి "నిన్న పని చేసింది" అంటారు. సెల్లు దిగేటప్పుడు ఒక్కసారిగా ఆగదు, కరకరమంటా మాట మింగుతాది. దాని రిసీవరు వెనకాల రూములో కాకుండా వేదిక దగ్గర కనపడేట్టు పెట్టాల.

కరెంటు సంగతి కూడా. హాలు ఇన్వర్టరు మీద లైట్లు, ఫ్యాన్లే ఉంటాయి, ఆంప్లిఫయరు తగిలించిన ప్లగ్గు ఉండదు. ముందురోజే మెయిను ఆపి చూడండి, ఏ ప్లగ్గు బతికి ఉందో తెలుస్తాది.

గ్రంథాలయం_మేడం

హాలు సిద్ధమైంది సరే, వచ్చే పిల్లలు సిద్ధంగా ఉన్నారా అన్నది నాకు ముఖ్యం. రచయిత్రి పుస్తకం ఒక్కటీ చదవకుండా వచ్చిన పిల్లవాడు అడిగేది ఒకటే ప్రశ్న: "మీకు ప్రేరణ ఎవరు?" అది వాడి తప్పు కాదు.

నెల ముందు ఆమె పుస్తకాలు మూడు నాలుగు కాపీలు కొని లైబ్రరీలో రిజర్వు పెట్టండి, ఇంటికివ్వకుండా అక్కడే చదివేలా. ఒక చిన్న కథను ఆమె అనుమతి తీసుకుని జిరాక్సు తీయించి క్లాసులో పంచండి. ఎనిమిది పేజీల కథ రెండు వైపులా తీస్తే నాలుగు కాగితాలు. ఆ కథ ఆ రోజు ఆమె చదవని కథై ఉండాలి. పిల్లలు చదివిన కథ గురించి అడుగుతారు, చదవని కథ వింటారు.

ఇక ఆమె చదివే ప్రతి. పుస్తకంలోంచి చదవడం అందంగానే ఉంటుంది గానీ మన ప్రచురణల్లో అక్షరం 11-12 పాయింట్లు, గమ్ము బైండింగు. తెరిచి పట్టుకుంటే మూసుకుపోతుంది, ఒక చెయ్యి దానికే సరి. ఆమెకు ఇష్టమైతే విడిగా ప్రింటు తీసివ్వండి. అక్షరం 18 పాయింట్లు, వరసకూ వరసకూ ఒకటిన్నర ఎడం, కాగితానికి ఒకవైపే, పిన్ను కొట్టకుండా. పేజీ అడుగున మూడోవంతు ఖాళీ వదలండి. అడుగు వరసల దాకా చదవాలంటే తల బాగా వంచాలి, గొంతు నొక్కుకుపోతుంది, మైకు తప్పుతుంది. పేజీ నంబరు పైన కుడివైపు పెద్దగా ఉండాలి, కింద పడితే ఏరుకోవడానికి. వాక్యం పేజీ చివర తెగకుండా పేరా దగ్గరే పేజీ మార్చండి.

అను ఫాంట్లలో (అచ్చు పనిలో వాడే, యూనికోడ్ కాని అక్షరాలు) ఉన్న ఫైలు పంపితే మీ కంప్యూటర్లో పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, కానీ మార్చాక ఒత్తులు, అరసున్నలు, అంకెలు తారుమారు కావచ్చు. పుస్తకం పక్కన పెట్టుకుని ఒకరు పైకి చదువుతుంటే ఒకరు దిద్దాలి. దిద్దకుండా ఇచ్చే పనైతే పుస్తకమే నయం.

వెలుతురు సంగతి ఎవరూ అనలేదు. వేదిక మీద ట్యూబులైటు తల వెనక ఉంటే కాగితం మీద ఆమె నీడే పడుతుంది. ఎడమవైపు ముందు నుంచి వెలుగు పడాలి. టేబుల్ ల్యాంపు ఒకటి దగ్గర ఉంచండి.

ఎర్రనేల_అనంత

మేడం చెప్పిన దానికి ఒక చేర్పు. కోస్తా కథైనా తెలంగాణ కథైనా, యాసలో ఉన్న సంభాషణలు ఆమె ఎలా చదివితే అలా వినండి. కొందరు నిర్వాహకులు కఠిన పదాలకు అర్థాలు రాసి పంచుతారు, పిల్లలు కథ వినడం మానేసి కాగితం చూస్తూ కూర్చుంటారు. అర్థం కాని మాట ఒకటీ అరా ఉంటే సందర్భమే చెబుతుంది. పొలం పనులు, కులవృత్తుల మాటలు మరీ ఎక్కువుంటే పరిచయం చేసేవాళ్లు ఒక రెండు మూడు మాటలు ముందు చెబితే సరిపోతుంది.

అనంతపురం వైపు కన్నడ రచయితలను పిలవడం మామూలే, బళ్లారి పక్కనే కదా. రెండు భాషల పఠనానికి పద్ధతి వేరు. పేరా పేరాకు మార్చి చదివితే రెండు భాషల్లోనూ లయ తెగుతుంది. మొదట రచయిత కన్నడంలో అయిదు నిమిషాలు చదవాలి, ధ్వని చెవికెక్కడానికి. ఆ భాగాన్ని మళ్లీ మొదటి నుంచి తెలుగులో వేరేవాళ్లు చదవాలి, అక్కడి నుంచి కథ తెలుగులోనే సాగాలి. ఆఖరి పేజీ మళ్లీ రచయిత. తెలుగులో చదివే మనిషి అనువాదకుడే కానక్కర్లేదు, బాగా చదివేవాళ్లు కావాలి. ఇద్దరూ ముందురోజు ఒకసారి కలిసి చదువుకోవాలి. ప్రశ్నలకు దుబాసీ కావాలి కాబట్టి ప్రశ్నల టైము రెట్టింపు పెట్టుకోవాలి.

కొండారెడ్డి_బురుజు

కవిత్వానికి లెక్క ఇంకోలా ఉంటుంది. వచన కవిత ముప్ఫై పంక్తులది రెండు నిమిషాలు, మధ్యలో రెండు మాటలు, కాగితం తిప్పడం కలిపి మూడు. అరగంటకు పది కవితలు, అంతకు మించితే చెవి అలసిపోతుంది. కర్నూలు, కడపల్లో ఉర్దూ కవులను కూడా పిలిచేట్టయితే ముషాయిరా (ఉర్దూ కవి సమ్మేళనం) అలవాటున్న శ్రోతలు ముందు వరసలో ఉండాలి. పంక్తి నచ్చితే మళ్లీ చదవమని అడిగే అలవాటు అక్కడుంది, కవి ఆ పిలుపు కోసం ఆగుతాడు. అది తెలియని హాలు మౌనంగా చూస్తే కవికి నచ్చలేదేమో అనిపిస్తుంది.

న్యాక్_ఫైలు

కార్యక్రమం బాగుంది కానీ ఆధారాలు లేకపోతే న్యాక్ (విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే సంస్థ) లెక్కలోకి రాదు. ఆహ్వానపత్రం, హాజరు పట్టిక సంతకాలతో, జియోట్యాగ్ ఫోటోలు (తీసిన చోటు నమోదయ్యేవి), ఒక పేజీ నివేదిక, పత్రికల్లో వచ్చిన వార్త కత్తిరింపు. ఇవి అదే వారం ఫైల్లో పెట్టాలి. హాజరు కోసం ఎన్ఎస్ఎస్ వలంటీర్లను, పక్క డిపార్టుమెంట్ల పిల్లలను కూడా తెస్తే హాలు నిండుగా కనిపిస్తుంది.

పెన్నగట్టు

ఫైలు కావాల్సిందే, కాదనను. కానీ తోలుకొచ్చిన 60 మంది వెనక వరసల్లో గుసగుసలాడితే ఇష్టంతో వచ్చిన 40 మందికి కూడా వినపడదు. అక్షరాలా వినపడదు. కథ చదివేటప్పుడు గొంతు తగ్గే చోట్లు ఉంటాయి, సరిగ్గా అక్కడే గొణుగుడు వినిపిస్తుంది. 120 కుర్చీల హాల్లో 50 మందే వస్తారనుకుంటే వెనక అయిదు వరసలకు తాడు కట్టండి, అందరూ ముందుకు వస్తారు. ఫోటోలో కూడా నిండుగానే కనిపిస్తుంది, మీ పనీ అవుతుంది.

ఫోటోలు పఠనం మొదటి మూడు నిమిషాల్లో తీసుకుని కూర్చోవాలి. మధ్యలో ఆమె ముందుకు వంగి ఫ్లాషు కొట్టేవాళ్లను ఆపే బాధ్యత ఒక అధ్యాపకుడికి ఇవ్వండి. విద్యార్థికి ఇస్తే ఫోటోగ్రాఫరు వినడు.

న్యాక్_ఫైలు

తాడు సంగతి బాగుంది. కానీ హాజరు సంఖ్య తక్కువైతే పైనుంచి అడుగుతారు సార్, మీకు తెలియంది కాదు.

ఖాతాల_గది

డబ్బుల దగ్గరికి వద్దాం. 25 వేలు ఇలా సర్దవచ్చు: గౌరవ పారితోషికం 10 వేలు, రైలు సెకండ్ ఏసీ రానుపోను, ఇంటి నుంచి స్టేషనుకు బండి కలిపి 4 వేలు, భోజనం, టీలు 4 వేలు, మైకు 3 వేలు, లైబ్రరీకి పుస్తకాలు 2 వేలు, ప్రింట్లు, ఆహ్వానాలు వెయ్యి, బ్యానరు వెయ్యి. శాలువా, జ్ఞాపికకు వేరే పద్దు చూసుకోండి, లేకుంటే భోజనం ఖర్చులోంచి తగ్గించండి. పారితోషికంలోంచి తగ్గించకండి. రచయితకు శాలువాలు ఇంటి నిండా ఉంటాయి.

నోట్ ఫైలు (ఖర్చుకు మంజూరు కోరే కాగితం) శాఖాధిపతి నుంచి మొదలై పైకి వెళ్లి రావడానికి రెండు మూడు వారాలు వేసుకోండి. మంజూరు కాగితం రాకుండా టికెట్టు కొంటే ఆ బిల్లు వెనక్కి వస్తుంది, ఖర్చు తేదీ మంజూరు తేదీకి ముందుందని. అడ్వాన్సు తీసుకునేవాళ్ల పేరున పాత అడ్వాన్సు తీరకుండా ఉంటే కొత్తది ఇవ్వరు, అది ముందే కనుక్కోండి.

రచయిత్రి దగ్గర తీసుకోవాల్సినవి: పాన్ నంబరు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ లేదా రద్దు చేసిన చెక్కు, వచ్చిన టికెట్టు, సంతకం చేసిన రసీదు. నగదు ఇస్తే, మొత్తం 5 వేలు దాటితే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అతికించి దాని మీదుగా సంతకం. స్టాంపులు ఆ రోజు ఉదయం పోస్టాఫీసు చుట్టూ తిరక్కుండా ముందే తెచ్చిపెట్టుకోండి. ఈ కాగితాల పని భోజనం తర్వాత గెస్ట్ హౌస్‌లో చేయండి, వేదిక పక్కన కాదు. బ్యాంకు ద్వారా పంపేట్టయితే ఎన్ని రోజులు పడుతుందో ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పండి.

సాహిత్య అకాడెమీ వాళ్లు కథాసంధి, కవిసంధి, మీట్ ది ఆథర్ పేర్లతో ఇలాంటి కార్యక్రమాలే చేస్తారు, విద్యాసంస్థలతో కలిసి కూడా. దక్షిణాది భాషలకు ప్రాంతీయ కార్యాలయం బెంగళూరులో ఉంది. ఈసారికి టైము లేదు గానీ వచ్చే ఏడాదికి ఇప్పుడే ఉత్తరం రాయొచ్చు.

ఎర్రనేల_అనంత

ప్రయాణం: రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. జనవరిలో సంక్రాంతి తిరుగు రద్దీ ఉంటుంది, తెరిచిన రోజే కొనండి. కాచిగూడ నుంచి వెంకటాద్రి ఎక్కితే కడపలో చీకటితోనే దిగాలి. అరవై దాటిన మనిషిని ఆ వేళకు దించి పదింటికి చదివించడం న్యాయం కాదు. ముందురోజే రప్పించి ఒక రాత్రి పడుకోనివ్వండి. గెస్ట్ హౌస్‌లో గీజరు పని చేస్తుందో, మంచం పక్కన ప్లగ్గు ఉందో ఎవరైనా పోయి చూసి రండి.

చదివే ముందు చల్లని నీళ్లు, పెరుగన్నం వద్దు. గోరువెచ్చని నీళ్లు, మూత ఉన్న గ్లాసులో. సీలు తియ్యని బాటిలు ఇస్తే మైకు ముందు దాంతో కుస్తీ పడాలి. మందుల వేళలు, షుగరు ఉందా అన్నది ముందే అడగండి, భోజనం దాన్నిబట్టి. రాగిసంగటి, నాటుకోడి పెట్టాలన్న ఉబలాటం ఉంటే పఠనం అయ్యాకే.

గ్రంథాలయం_మేడం

పుస్తకాల అమ్మకం గురించి: 80 మంది హాలుకు రెండు మూడు పుస్తకాలు, మొత్తం 30 కాపీలు చాలు. ప్రచురణకర్త దగ్గర అమ్మినవాటికే డబ్బు, మిగిలినవి వాపసు అనే ఒప్పందం మీద తెప్పించండి. ఆర్టీసీ కార్గోలో వస్తాయి, రెండు మూడు రోజుల ముందు చేరేట్టు చూసుకోండి. పిల్లలు కొనేది 150 లోపు పుస్తకమే. తగ్గింపు ఎంతో ధర పక్కనే రాసిపెట్టండి. ఫోన్ పే కోడు, చిల్లర రెండూ ఉండాలి, హాల్లో సిగ్నలు రాకపోతే కోడు పనికిరాదు. బల్ల లోపల కాదు, బయటికి పోయే గుమ్మం దగ్గర. సంతకం చేసేటప్పుడు పేరు చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టివ్వమనండి. "మీ పేరు? ఒత్తు ఉందా, లేదా?" అన్న తతంగం తప్పుతుంది, వరస త్వరగా కదులుతుంది.

గండికోట_దారి

రికార్డు చేసి యూట్యూబులో పెట్టాలనుకుంటున్నాం. అనుమతి నోటిమాటగా సరిపోతుందా?

కొండారెడ్డి_బురుజు

సరిపోదు, కాగితం మీద తీసుకోండి. కథ మీద హక్కు సంగతి అలా ఉంచి, చదివిన తీరు మీద కూడా హక్కుంటుంది. 1957 కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు అని 38వ సెక్షన్ ఉంది. ఆ చట్టం ప్రకారం ప్రదర్శకుడు అంటే నటుడు, గాయకుడు, గారడీవాడు, పాములవాడు, ఉపన్యాసం ఇచ్చేవాడు కూడా. (పాములవాణ్నీ ఉపన్యాసకుణ్నీ ఒకే వరసలో కూర్చోబెట్టిన ఘనత ఆ చట్టానిదే.) కాబట్టి మూడు విషయాలు విడివిడిగా అడగండి: రికార్డు చేయవచ్చా, పూర్తి కథ ఆన్‌లైన్లో పెట్టవచ్చా, లేక కొంత భాగమేనా. కొత్త కథ, ఇంకా పత్రికకు పంపనిదైతే చాలామంది రెండోదానికి ఒప్పుకోరు. ఆన్‌లైన్లో వచ్చింది మళ్లీ వేసుకోని పత్రికలున్నాయి.

సౌండు ఫోను మైకుతో పట్టకండి. ఆంప్లిఫయరు నుంచి లైను తీసుకుని రికార్డరులోకి ఇవ్వమనండి.

మైకన్న_ఎర్రగుంట్ల

లైను ఇచ్చేదుంటే ముందే చెప్పాల, తగిన పిన్ను తేవాల గదా. జనంలో నుంచి అడిగే ప్రశ్నలు కార్డ్‌లెస్‌లో అడిగితేనే రికార్డులో పడతాయి. లేకుంటే జవాబులే ఉంటాయి, ప్రశ్నలుండవు.

పెన్నగట్టు

ప్రశ్నల అరగంట నడిపే తీరు ఒకటి చెప్పి ఊరుకుంటాను. గుమ్మం దగ్గరే చీటీలు, పెన్సిళ్లు ఇవ్వండి. మొదటి పఠనం తర్వాత చీటీలు పోగేసి, సమన్వయకర్త ఆ రోజు విన్న కథకు సంబంధించినవి మూడు పైకి తీసి వాటితో మొదలుపెట్టాలి. మొదటి ప్రశ్న ఎలా ఉంటే మిగతావి ఆ దారిలోనే పోతాయి. తర్వాత చేతులెత్తినవాళ్లకు మైకు. మైకు పట్టుకునే వలంటీరు దాన్ని చేతికి వదలకూడదు, తానే పట్టుకుని నిలబడాలి. ప్రశ్న పేరుతో ఉపన్యాసం మొదలైతే వెనక్కి తీసుకోవడం సులువు. అధ్యాపకుల ప్రశ్నలు ఆఖర్న. ముందు వాళ్లు అడిగితే పిల్లలు నోరు తెరవరు.

గండికోట_దారి

సవరించిన కార్యక్రమం శాఖాధిపతి గారికి చూపించాను, వీసీ గారి మాటలు ముందుకు జరపడానికి ఒప్పుకున్నారు. విశిష్ట అతిథుల్లో ఒకరు పరిచయం చేస్తారు, ఇంకొకరు సమన్వయకర్త. ప్రార్థన బదులు ఒక వేమన పద్యం అనుకుంటున్నాం. ఊళ్లోవాళ్లు క్యాంపస్ దాకా రాలేమంటున్నారు, వాళ్లకోసం ఏమైనా చేయవచ్చా?

గ్రంథాలయం_మేడం

సాయంత్రం అయిదింటికి ఊళ్లో గంటసేపు చిన్న పఠనం ఇంకొకటి పెట్టండి. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది కదా, అక్కడ 30-40 మందికి మైకు లేకుండానే సరిపోతుంది. కానీ రెండు పఠనాలని ఆహ్వానంలోనే రాయండి, వచ్చాక అడగకూడదు. పారితోషికం కూడా ఆ మేరకు పెంచాలి.

ఖాతాల_గది

రెండోది పెడితే మంజూరు కాగితంలో రెండు వేదికల పేర్లూ రాయించండి. ఒక్కటే రాసి ఉంటే సాయంత్రం బండి బిల్లు పాస్ కాదు.

గండికోట_దారి

సరే, ఆహ్వానంలో ఇవి రాస్తున్నాను: తేదీ, రెండు వేదికలు, ఒక్కోచోట చదవాల్సిన నిమిషాలు, శ్రోతలెవరు, పారితోషికం ఎంత, ఎలా ఇస్తాం, టికెట్టు ఎవరు కొంటారు, రికార్డింగు అనుమతి పత్రం, స్టేషనుకు వచ్చే మనిషి ఫోను నంబరు. ఏమైనా మరిచానా?

కొండారెడ్డి_బురుజు

ఏ కథలు చదువుతారో చెప్పాల్సిన ఆఖరి తేదీ రాయండి. కనీసం మూడు వారాల ముందు. జిరాక్సులు, 18 పాయింట్ల ప్రింటు, పరిచయం అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. స్టేషనుకు ఒకరు కాదు, ఇద్దరి నంబర్లు ఇవ్వండి.